చేను కింద నది

బండపల్లి (రామగిరి దగ్గర)
10 సెప్టెంబరు 1972

తమ్ముడు నర్సింగానికి,

అక్క అనసూర్య దీవెనలు. ఉత్తరం మొదట్లో 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయాలని బడిలో నేర్పారు. ఈసారి ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. మృగశిర మొదలుకొని ఏ కార్తె చూసినా పొడి గాలే. ఇప్పుడు పుబ్బ నడుస్తోంది, మబ్బు జాడ లేదు. మొక్కజొన్న మోకాలెత్తుకు రాకుండానే ఎండిపోయింది. మేత లేక ఎడ్లను గోదావరి అవతల చుట్టాల ఊరికి తోలేశాం. ఎడ్లు వెళ్లిన దారి వైపే చూస్తూ మీ బావ కొమురెల్లి పొద్దంతా అరుగు మీద కూర్చుంటాడు. పలకరిస్తే కసురుకుంటాడు, పలకరించకపోతే అలుగుతాడు.

బొగ్గుబావిలో పనిచేసే పక్కింటి సదయ్య కాక రోజూ వచ్చి పోరుతున్నాడు. "కొమురెల్లీ, బొగ్గుబాయిల రానోళ్ల జాగల బదిలీ పనికి మనుషులను తీసుకుంటున్నరు. ఇంకెన్ని దినాలు మొగులు దిక్కు చూస్తవు? జల్ది చెప్పు," అంటాడు. అది వినగానే మా అత్త లస్మవ్వ లోపలి నుంచి చీపురు పట్టుకుని వస్తుంది. ఆమె బాధ నీకు తెలియనిది కాదు. పెద్దకొడుకు గట్టయ్య బొగ్గుబావిలో కప్పు కూలి చనిపోయిన నాడే, మిగిలిన ఒక్క కొడుకు చేతిలో మల్లన్న గుడి పసుపు, బండారి పోసి, ఎన్నడూ బావిలో దిగనని ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు కోసమే కాదు, మీ బావకూ చీకటంటే భయం. పైకి చెప్పడు గానీ నాకు తెలుసు. చేను పండితే ఆ అవసరమే రాదు. చేనుకు కావలసింది నీళ్లు. మా బతుకంతా ఇప్పుడు ఈ ఒక్క మాట దగ్గర ఆగింది.

అసలు సంగతికి వస్తున్నాను. పోయిన వారం లారీ మీద పెద్ద యంత్రం తెచ్చి మన ఎర్రచెలక చేనులో దించారు. పక్కనే గుడారాలు వేశారు. గొట్టం తిరుగుతూ భూమిలోకి పోతోంది. అడిగితే హిందీలో ఏదో చెబుతారు. కరువని సర్కారు బోర్లు వేయిస్తోందని ఊళ్లో అందరూ అంటున్నారు. నువ్వు హైదరాబాదులో చేసేది రాళ్ల ఆఫీసులోనే కదా, కాస్త కనుక్కుని రాయి.

జొన్నరొట్టె తిననని మారాం చేసేవాడివి, హోటలు కూడుకు ఎలా అలవాటు పడ్డావో ఏమో.

నీ అక్క
అనసూర్య

*

హైదరాబాదు
22 అక్టోబరు 1972

అక్కకు,

నర్సింగం నమస్కారాలు. అత్తమ్మకు, బావకు కూడా చెప్పు. నీ చేను గురించి నువ్వు అడగడమేమిటి, నీ చేనే నడిచి నా బల్ల మీదికి వచ్చింది!

ఎలాగంటావా? ఆ యంత్రం రాయిని గుండ్రంగా కోసి కడ్డీలుగా పైకి తీస్తుంది. వాటిని చెరుకు ముక్కల్లా చెక్కపెట్టెల్లో వరుసగా పేర్చి, ఏది ఎంత లోతుదో రాసి మాకు పంపుతారు. మొన్న ఒక పెట్టె మీద బండపల్లి అని చూశాను. సర్వే నంబరు చూస్తే బావది! పక్కనున్నవాడికి చూపించి "ఇది మా అక్క చేను" అంటే వాడు నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

అక్కా, ఆ చేను కథ చెబితే నువ్వు నమ్మవు. అడుగున ఆకుపచ్చ ఛాయగల మట్టిరాయి, అందులో పిడికిళ్లంత గుండ్లు ఉన్నాయి. ఆ గుండ్లను మంచు ఈడ్చుకొచ్చింది. నువ్వు ఎండకు తిట్టుకునే ఆ చెలక ఒకప్పుడు మంచు కింద ఉంది. అప్పుడు మన దేశం ఇక్కడ లేదు. దక్షిణాన చలి ప్రాంతంలో, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని ఒకే ఖండంగా ఉండేది. దాని పేరు గోండ్వానా. మన గోదావరి అవతలి గోండుల పేరే ప్రపంచమంతా పలుకుతోంది.

ఆ మంచు కరిగింది. నేల రెండు పక్కలా విరిగి మధ్యభాగం కుంగింది. ఆ పల్లంలో ఒక మహానది పారింది. గోదావరికి ముత్తవ్వ అనుకో. దాని ఒడ్డున చిత్తడి అడవులు. ఒక కడ్డీని చీలిస్తే నాలుక ఆకారంలో ఆకు కనిపించింది, ఈనెలతో సహా! చాలాసేపు చేతిలోంచి దించలేకపోయాను. తర్వాత ఆ ఖండం ముక్కలై, మన ముక్క ఉత్తరానికి నడిచివెళ్లి అక్కడి భూమిని గుద్దుకుంటే హిమాలయాలు లేచాయి. మా పెద్దసారు మాత్రం "ఖండాలు నడవడానికి అవేమైనా ఎడ్లబండ్లా?" అంటాడు. పాతకాలపు మనిషి.

చివరికి ఆ పెట్టెల్లో ఏం తేలిందో నేను రాయకూడదు. బయటివాళ్లకు చెబితే నౌకరి ఊడుతుంది. ఒక్కటి చెబుతాను, మీ చేను కింద ఉన్నది మీ కష్టాలు తీర్చేదే. మంచి వార్త. చేను అమ్మవద్దని, కొన్నాళ్లు ఓపిక పట్టమని బావతో చెప్పు.

నీ తమ్ముడు
నర్సింగం

*

బండపల్లి
19 నవంబరు 1972

తమ్ముడూ,

నీ ఉత్తరం ఈ ఇంట్లో ఎన్నిసార్లు చదివించుకున్నారో! మొదటిసారి చదివితే మా అత్త, "మా చేన్ల మంచేందే? నీ తమ్ముడు ఉత్త ముచ్చట్లు చెప్తున్నడు," అంది. గోండుల పేరు వినగానే, "గోండ్లు గంత జాగ ఏలిన్రా!" అని ముక్కు మీద వేలేసుకుంది. మహానది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

"ఎప్పుడో పారిన నది అత్తా, ఇప్పటిది కాదు," అని నేను చెప్పకపోలేదు. "ఎప్పటిదైతేంది? ఉన్న నది ఏడికి పోతది? నీళ్లు కాలుతయా, కుళ్లుతయా? మీద ఎండితె కిందికి దిగుతయి," అందామె. మీ బావ ఇంకో అడుగు ముందుకేశాడు. "మంచంత కరిగిందని రాసిండు గద. గన్ని నీళ్లు యాడవాయె? మన కిందనే ఉన్నయి," అన్నాడు. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతే అనిపించింది.

కళ్లతో చూశాం కూడా. యంత్రం తిరిగినన్ని రోజులూ ఆ గొట్టం నోట తెల్లటి బురదనీళ్లు పొర్లాయి. మీ బావ దోసిట్లో పట్టి కళ్లకద్దుకున్నాడు. విచిత్రం ఏమిటంటే, ఆ యంత్రంవాళ్లు గోదావరి నుంచి రోజూ లారీ ట్యాంకులో నీళ్లు తెచ్చుకునేవారు. కాళ్ల కింద ఇన్ని నీళ్లుండగా ఇదేం పిచ్చి అని మేం నవ్వుకున్నాం. వెళ్లేటప్పుడు ఆ రంధ్రాన్ని సిమెంటుతో మూసి, పైన చిన్న దిమ్మె కట్టి, నంబరు వేసి వెళ్లిపోయారు. "ఎవ్వలు దొంగతనంగ తోడుకోకుంట మూసిన్రు," అని మీ బావ.

సదయ్య కాక తెచ్చిన పనికి మీ బావ వెళ్లలేదు. "మా బామ్మర్ది మంచి వార్త అని రాసిండు," అని తిప్పి పంపేశాడు. కాక కోపం చేసుకున్నాడు.

మీ ఆఫీసు ఉత్తర్వులు మీకుంటాయి, కాదనను. నాకు ఒక్క ముక్క చాలు. ఆ మంచి వార్త నీళ్లేనా? అవునైతే, ఎంత లోతు?

నీ అక్క

*

ప్రాణహిత ఒడ్డు, అడవి క్యాంపు
28 డిసెంబరు 1972

అక్కకు,

నన్ను ఉన్నపళంగా ఈ అడవికి తోలారు. నువ్వు హైదరాబాదుకు రాసిన ఉత్తరం ఏదైనా ఉంటే ఇంకా నాకు అందలేదు. అక్కడ పోగేసి ఎవరో వచ్చేటప్పుడు పంపుతారట. అందుకే నీకు ముందుగా నేనే రాస్తున్నాను.

ఇక్కడ మావాళ్లు ఎర్రమట్టిలోంచి రాక్షసి బల్లుల ఎముకలు తీస్తున్నారు. ఒక్క తొడ ఎముకను మోయడానికి ఎంతమంది కూలీలో! పక్కనే సున్నపురాయి పలకల మధ్య చేపలున్నాయక్కా, పొలుసులు మెరుస్తూనే ఉన్నాయి. అవి ఈదుతుండగా ఎవరో ఆగమన్నట్టు ఉంది. ఇది చెరువు అడుగు. మీ ఊరి నుంచి ఇక్కడిదాకా ఈ లోయంతా ఒకప్పుడు నీళ్లే, నీళ్లు.

నేను చెప్పిన వార్త మారలేదని బావకు చెప్పు. పై అధికారులు వచ్చి కొలతలు వేసేదాకా ఆగాలి. అంతవరకు ఎవరితోనూ అనొద్దు. ఇంకో ఏడాదికి మీరు వానకోసం ఎదురుచూసే అవసరమే ఉండదు.

ఇక్కడ ఇప్పసారా వాసన తప్ప వేరే కాలక్షేపం లేదు. నీ చేతి పచ్చిపులుసు గుర్తొస్తోంది.

నర్సింగం

*

బండపల్లి
4 మార్చి 1973

తమ్ముడూ,

నా ఉత్తరం అందకముందే రాశావు, సూటిగా అవునని లేదు గానీ, 'ఈ లోయంతా నీళ్లే' అన్న మాటతో మీ బావ లేచి నిలబడ్డాడు. 'వానకోసం ఎదురుచూసే అవసరం ఉండదు' అన్నది వినగానే గడ్డపారకు పదును పెట్టించాడు. సంక్రాంతి వెళ్లిన మరునాడే ఆ సిమెంటు దిమ్మె పక్కన బావికి ముగ్గు పోసి తవ్వడం మొదలుపెట్టాం. ఎవరితోనూ అనొద్దన్నావు కదా, అందుకని ఊరివాళ్లను పిలవలేదు. లోపల మీ బావ తవ్వుతాడు, పైన గిరక దగ్గర నేను, అత్త తట్ట లాగుతాం. నా అరచేతులు చూస్తే నువ్వు ఏడుస్తావు. నేను మాత్రం నవ్వుతూనే ఉన్నాను.

ఎందుకంటే, మీ బావ మళ్లీ మనిషయ్యాడు. పొద్దున్నే పాట ఎత్తుకుంటాడు. మట్టి రంగు మారినప్పుడల్లా ఒక గడ్డ పైకి పంపి, "నీ తమ్మునికి దాసిపెట్టు," అంటాడు. ఎర్రమట్టి, దాని కింద మొరం, దాని కింద పచ్చటి మెత్తని ఇసుకరాయి, అన్నీ అరుగు మీద వరుసగా పేర్చాడు. ఆ ఇసుకరాయిని వేళ్లతో నలిపి, "ఇది నది ఇసుకనే. మనం ఒడ్డుకచ్చినం," అన్నాడు. నాలుక ఆకు దొరికితే నా కొప్పులో పెడతానన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్క పువ్వు తేని మనిషి రాతి ఆకు తెస్తాడట!

మొన్న అడుగున కొంచెం చెమ్మ తగిలింది. మా అత్త ఆ తడిమట్టిని బొట్టు పెట్టుకుంది.

ఒకటే భయం. గోడలు మెత్తగా ఉన్నాయి, అప్పుడప్పుడు ఇసుక రాలుతుంది. రాతికట్టు కట్టిద్దామంటే, "నీళ్లు పడ్డంక కట్టిద్దాం," అంటాడు. నీళ్లు ఇంకెంత లోతో నువ్వు రాస్తే ఆ ధైర్యంతో ఆగుతాడు. ఈసారైనా దాచకుండా రాయి తమ్ముడూ.

నీ అక్క

*

ప్రాణహిత ఒడ్డు, అడవి క్యాంపు
9 ఏప్రిల్ 1973

అక్కా,

నీ నవంబరు ఉత్తరం, మార్చి ఉత్తరం రెండూ ఇవాళే ఒక్కసారి నా చేతికొచ్చాయి. ఈ ఉత్తరం చేరేలోపే తెలియాలని ఇప్పుడే తాలూకాకు మనిషిని పరుగెత్తించి తంతి కొట్టిస్తున్నాను. బావను ఆ గోతిలోంచి వెంటనే పైకి రప్పించు. ఒట్టు పెట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి. కట్టులేని మెత్తని ఇసుకరాయి ఎప్పుడైనా కూలుతుంది.

అక్కడ నీళ్లు లేవక్కా. మీరు చూసినవి భూమి నీళ్లు కావు. యంత్రం వేడెక్కకుండా, రాతిపొడి పైకి రావడానికి వాళ్లే గొట్టంలో నీళ్లు పోస్తారు. పోసిన నీళ్లే మళ్లీ పైకి వస్తాయి. అందుకే లారీలో తెచ్చుకున్నారు. నది అని నేను రాసింది కోట్ల ఏళ్ల కిందట ఇంకిపోయిన నది. దాని ఇసుక ఇప్పుడు రాయి. అంత లోతున ఎక్కడో పగుళ్లలో నీళ్లున్నా, గడ్డపారతో ఈ జన్మకు అందవు.

నేను చెప్పలేకపోయిన వార్త బొగ్గు. ఇక ఉత్తర్వులు నాకక్కర్లేదు. ఆ అడవులే మీ చేను కింద మందపాటి బొగ్గు పొరయ్యాయి. భూమి తీసుకుంటారు, డబ్బిస్తారు, ఇంటికొక నౌకరి ఇస్తారు. అది మీ కష్టాలు తీరుస్తుందనే అనుకున్నాను. గట్టయ్య బావ పోయిన ఇంట్లో బొగ్గు మంచి వార్త ఎలా అవుతుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నువ్వు నీళ్లు నీళ్లు అని మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను ఆ పెట్టెల మత్తులో ఉండి నా కథే చెప్పుకున్నాను.

మావాళ్లకు జ్వరాలు, క్యాంపులో నేనొక్కణ్ణే ఉన్నాను. మారుమనిషి రాగానే, నెలాఖరుకు బయలుదేరి వస్తాను. బావ నన్ను కొట్టినా సరే. తవ్వకం మాత్రం ఆపించు.

నర్సింగం

*

బండపల్లి
20 ఏప్రిల్ 1973

తమ్ముడూ,

నెలాఖరుకు వస్తానన్నావు. దారిలో బస్సులో ఎవరో చెబితే వినడం కంటే, నా చేతిరాతలోనే నీకు తెలియాలని రాస్తున్నాను. కూర్చుని చదువు.

మీ బావ లేడు.

నీ తంతి నీ ఉత్తరం కంటే ముందే వచ్చింది. తంతి అంటే మన ఊళ్లో చావు కబురు. ఇంకో రకం తంతి ఇక్కడ ఎవరూ చూడలేదు. తపాలా ఆయన సైకిలు మీద చేను దాకా వచ్చి, "ఇంగ్లీషుల ఉన్నదమ్మా. నర్సింగం అని పేరైతె కనవడుతున్నది," అన్నాడు. అంతకు మించి ఆయనకూ చదవరాలేదు. నువ్వు ఆ అడవిలో పోయావనుకున్నాను తమ్ముడూ. గిరక తాడు వదిలేసి అక్కడే పడి ఏడ్చాను. అత్త కూడా రొమ్ము బాదుకుంది.

మా ఏడుపు గోతిలోకి వినబడింది. "ఏమైందే? ఏమైందే అనసూర్యా?" అని కింది నుంచి అరిచాడు. "నా తమ్ముడు పోయిండు," అన్నాను. "ఏడ్వకు, నేనత్తున్న," అన్నాడు. తాడు కడితే మేం లాగుతాం, ఎప్పుడూ అలాగే పైకి వచ్చేవాడు. ఆ రోజు ఆగలేదు. మోకు పట్టుకుని గోడకు కాళ్లు తన్నుతూ ఎక్కాడు. అతని చేతులు పైకి కనిపించాయి, తల కూడా కనిపించింది. అప్పుడు అతని కాళ్ల కింద గోడ జారింది.

నన్ను ఓదార్చడానికే ఎక్కాడు తమ్ముడూ. పెళ్లయినప్పటి నుంచి నేను ఏడిస్తే పక్కకు తిరిగి పడుకునే మనిషి ఆ రోజు అంత తొందరపడ్డాడు.

సదయ్య కాక షిఫ్టు దిగి వచ్చినవాళ్లందరినీ వెంట తీసుకొచ్చాడు. మేం వద్దన్న బొగ్గుబావి మనుషులే, కంటి మీద కునుకు లేకుండా చేతులతో మట్టి తోడి మీ బావను పైకి తెచ్చారు. బడి పంతులు వచ్చి తంతి చదివింది ఆ తర్వాతే. 'తవ్వకం ఆపండి, నీళ్లు లేవు' అని ఉందట. నువ్వు బతికే ఉన్నావని అప్పుడు తెలిసింది. సంతోషపడాలి కదా. శవం పక్కన కూర్చుని ఎలా సంతోషపడాలో నాకు తెలియలేదు.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. రాత్రి వస్తుంది, తెల్లారేసరికి పోతుంది, మళ్లీ వస్తుంది. నువ్వు పోయావనుకుని ఏడ్చినదాన్ని కదా, అందుకే నిన్ను ఎక్కువసేపు తిట్టుకోలేకపోతున్నాను.

మన ఆచారం ప్రకారం సొంత చేనులోనే, ఆ సిమెంటు దిమ్మె పక్కన అతన్ని మట్టి చేశాం. మిగిలిన గోతిని పూడ్చారు. పైకి తెచ్చినప్పుడు అతని గుప్పిట్లో ఇసుకరాయి ముక్క ఒకటి ఉంది. చీలదీసి చూశాను. అందులో ఆకేమీ లేదు.

మొన్న జీపులో అధికారులు వచ్చి చేను నాలుగు మూలలా రాళ్లు పాతారు. భూమి పోతుందని, ఇంటికొక నౌకరి ఇస్తారని చెప్పారు. "ఇంట్ల ఎవ్వలున్నరమ్మా నౌకరికి?" అని అడిగారు. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఇద్దరు ఆడవాళ్లం. మా అత్త వాళ్ల మొహం చూసి, "బొగ్గుబాయిల దిగద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న సారూ, నీళ్ల బాయిల దిగద్దని పెట్టియ్యలే," అంది. వాళ్లకు అర్థం కాలేదు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

నువ్వు వచ్చాక వాళ్లతో ఒక్క మాట మాట్లాడాలి. చేను తీసుకోనీ, ఆపడం మన వల్ల కాదు. మీ బావను మట్టి చేసిన ఆ మూల తవ్వే రోజు మాత్రం నువ్వు అక్కడ ఉండు. యంత్రంవాళ్లకు అది వట్టి మట్టి. అరుగు మీద ఆయన పేర్చిన మట్టిగడ్డలు అలాగే ఉన్నాయి, ఎవరినీ ముట్టనివ్వడం లేదు. అవి నీవి.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అత్త చదవమంటే మొత్తం చదివాను. ఒక్కచోట ఆపి మళ్లీ చదివించుకుంది. ఇవాళ పొద్దున ఊరిబావి దగ్గర మా వంతుకు ఒక్క బిందె నీళ్లు దొరికాయి. అత్త ఇంటికి తెస్తుందనుకున్నాను. ఎంతకీ రాకపోతే చేనుకు వెళ్లి చూశాను. ఆ దిమ్మె పక్కన కూర్చుని, చెంబుతో కొంచెం కొంచెంగా మట్టి మీద పోస్తోంది. "అత్తా, తాగనీకి చుక్క లేదు, ఏం చేస్తున్నవే?" అని చెయ్యి పట్టుకున్నాను.

"పోసినయే మళ్ల పైకత్తయని నీ తమ్ముడు రాసిండు గదనే," అంది. "పోస్తున్న. కొమురెల్లి వస్తడేమో చూద్దాం."

త్వరగా రా తమ్ముడూ. ఆమెను ఇంటికి తీసుకురావడం నా ఒక్కదాని వల్ల కావడం లేదు.

అక్క
అనసూర్య